యెరికో గోడ దగ్గర విడిపోయిన వియ్యంకులు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇంజనీరు పిల్లలు అప్పుడప్పుడు కర్నూలులో మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని పని ఏది?" అని అడుగుతారు. ఏ పెద్ద రిజర్వాయరు పేరో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఆలూరు దగ్గర ఒక పల్లెలో తవ్వించిన సొరంగం గురించి చెబుతాను. సొరంగమంటే రైళ్ళు పోయేది కాదు. మనిషి నడుం బాగా వంచి, తలకు గుడ్డ చుట్టుకుని పోతే పట్టేంత. గొర్రెకైతే హాయిగా ఉంటుంది. ఎండాకాలం రాకముందే పూర్తి కావలసిన ఆ పని మధ్యలో నిలిచిపోయింది. రాయి గట్టిదని కాదు, బిల్లులు రాలేదని కాదు. యెరికో పట్టణపు గోడ ఎప్పుడు కూలిందో తేలక నిలిచిపోయింది.

మీరు నవ్వండి. నాకు అప్పుడు నవ్వు రాలేదు.

మాది రాయచోటి వైపు సేద్యం చేసుకునే కుటుంబం. నా భార్య కడపలో టీచరు. నన్ను తాగునీటి పనులు చూసే ఇంజనీరుగా ఆలూరుకు వేసినప్పుడు ఆమె తన బడి వదులుకుని రానంది, నేనూ రమ్మనలేదు. ఒక గది, ఒక స్టవ్వు, ఒక మోటారు సైకిలు. రిటైర్మెంటు దగ్గర పడుతోంది కాబట్టి గొడవ లేకుండా రోజులు గడిచిపోతే చాలనుకునేవాణ్ణి.

ఆ పల్లెలో బోరు నీళ్ళు తాగి జనం పళ్ళు పసుపుపచ్చగా మారిపోయాయి. నలభై ఏళ్ళకే మోకాళ్ళు పట్టేసేవి. ఊరి అవతల, గుట్టకు ఆ పక్కన, ఎండాకాలంలో కూడా ఎండని తీపి నీళ్ళ ఊట ఉంది. ఊటకూ ఊరికీ మధ్య ఆ రాతి గుట్టే అడ్డం. గుట్ట మీద దర్గా. ఒక పక్క క్రైస్తవుల సమాధులు. ఇంకో పక్క అన్నదమ్ములు కోర్టుకెక్కిన చేను. పైపు ఏ వైపు నుంచి తిప్పినా ఎవరో ఒకరు అడ్డం పడుకుంటారు. నాకు ముందున్న ఇంజనీరు బాగా ఆలోచించి, గుట్ట సన్నగా ఉన్నచోట సొరంగం తొలిచి పైపు వేస్తే నీళ్ళు వాటంతట అవే వాలుకు వచ్చేస్తాయని తేల్చాడు. మంజూరు తెచ్చాడు. తెచ్చి బదిలీ మీద వెళ్ళిపోయాడు.

పైన దర్గా, పక్కన సమాధులు ఉన్నాయి కాబట్టి మందు పెట్టి పేల్చడానికి లేదు. సుత్తి, ఉలి, గునపం, కంప్రెసరు, అంతే. పని త్వరగా కావాలని రెండు వైపుల నుంచీ మొదలుపెట్టాం. ఊరి వైపు నుంచి ఒక మేస్త్రి, ఊట వైపు నుంచి ఇంకొక మేస్త్రి. ఇద్దరూ ఆ ఊరి వాళ్ళే, రాతి పనిలో చేయి తిరిగినవాళ్ళు, ఒకే చర్చికి పోయేవాళ్ళు. అంతకంటే ముఖ్యం, వియ్యంకులు. ఊరి వైపు మేస్త్రి కూతుర్ని ఊట వైపు మేస్త్రి కొడుక్కి ఇచ్చారు. ఆ పిల్ల కాన్పయి ఒక ఆడబిడ్డ పుట్టింది. పని మొదలుపెట్టిన రోజు వియ్యంకులిద్దరూ ఒకే బీడీ కట్ట పంచుకుని తాగడం నేను చూశాను. ఇంత చక్కటి జట్టు దొరికిందని మురిసిపోయాను.

ఇక ఈ యెరికో గొడవ తెచ్చిపెట్టిన పత్రికల సంగతి.

ఆ చర్చి పాత చర్చి. వీళ్ళ తాతల కాలం నుంచీ ఉంది. పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవాళ్ళు. సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ ఎవరికో ఒకరికి క్షమాపణ చెబుతున్నట్టుండే మనిషి. ఎప్పుడో ఆ చర్చి చూడడానికి వచ్చిన ఒక విదేశీ ముసలమ్మకు ఆయనంటే అభిమానం. ఇంటికి తిరిగి వెళ్ళినా ఆయనను మరిచిపోకుండా, తాను చదివేసిన పత్రికలను కట్టగట్టి పార్సిలు పంపేది. అన్నీ బైబిల్లో చెప్పిన ఊళ్ళను తవ్వే వాళ్ళ గురించిన పత్రికలు. నున్నటి కాగితం, రంగు బొమ్మలు. గుంటలో మోకాళ్ళ మీద కూర్చుని కుంచెతో మట్టి ఊడ్చే మనుషులు, విరిగిన కుండలు, సగం గోడలు. అయ్యగారు బైబిలును తెలుగులో కళ్ళు మూసుకుని చెప్పగలరు గానీ ఇంగ్లీషు ఆయనకు బొత్తిగా రాదు.

ఒక సాయంత్రం పని చూసుకుని పోతుంటే నన్ను ఆపారు.

"సారూ, మీరు ఇంగ్లీషు చదివినోళ్ళు. ఇందులో ఏముండాదో రెండు ముక్కలు చెప్పిపోండి. ఇన్నేండ్లుగా బొమ్మలు చూస్తాండా గానీ ఆ గుంతలో ఆయప్ప దేనికోసం దిగినాడో తెలీకపాయె."

గదికి పోయి చేసేదేముంది? చర్చి అరుగు మీద కూర్చుని చదివాను. చదివింది తెలుగులో చెప్పాను. అదొక కుండ పెంకు గురించి. దాని అంచు ఎటు వంగిందో చూసి అది ఏ రాజు కాలానిదో చెప్పవచ్చట. నాలుగు పేజీలు ఆ అంచు గురించే. అయ్యగారు నోరు తెరుచుకుని విన్నారు. మరుసటి సాయంత్రం అరుగు మీద పదిమంది ఉన్నారు. వారం తిరిగేసరికి టీవీలో సీరియల్ వదిలేసి ఆడవాళ్ళు వచ్చేశారు.

నేను ఆ మతం వాణ్ణి కాను. బైబిలు ఒక్క పేజీ కూడా అంతకుముందు చదవలేదు. కానీ ఆ పత్రికలు నన్ను పట్టుకున్నాయి. ఆఫీసులో ఫైలు మీద ఫైలు పెట్టుకుని మధ్యలో పత్రిక పెట్టి చదివేవాణ్ణి. ఒకరోజు జిల్లా కేంద్రం నుంచి పెద్దసారు ఫోను చేసి "సొరంగం ఎప్పటికి పూర్తవుతుందయ్యా?" అంటే, "తేదీ మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు సార్" అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు.

ఊళ్ళో కూడా ఆ పిచ్చి పాకింది. ఆడవాళ్ళు కలుపు తీయడానికి పోయిన చేలలో దొరికిన ప్రతి పెంకూ కొంగులో కట్టుకుని తెచ్చేవాళ్ళు. ఒకామె నల్లటి పెంకు నా చేతిలో పెట్టి, "ఇది ఏ రాజు కాలందో చూడు సారూ" అంది. నేను అంచు అటూ ఇటూ తిప్పి చూస్తుంటే పక్కనున్న ఆమె అందుకుంది, "ఏ రాజూ లేడు, అది నీ చట్టే. పోయిన ఉగాదికి నీ మొగుని మీదికి ఇసిరేస్తివి కదమ్మా."

అంతవరకు సంతోషంగానే గడిచింది. అప్పుడు యెరికో వచ్చింది.

యెహోషువ అనే నాయకుడి సైన్యం చుట్టూ తిరిగి కేకలు వేస్తే యెరికో గోడలు కూలిపోయాయని బైబిలు చెబుతుంది. ఆ పత్రికలో టోపీ పెట్టుకున్న పండితుడొకాయన, తవ్వితే కూలిన గోడ దొరికింది, కాలం సరిగ్గా సరిపోయింది, అంతా నిజమే అని రాశాడు. జనం చప్పట్లు కొట్టారు. పేజీ తిప్పాను. తరువాతి వ్యాసం గడ్డం ఉన్న ఇంకో పండితుడిది. గోడ కూలిన మాట వాస్తవమేగానీ, అది యెహోషువ పుట్టకముందే ఎప్పుడో కూలింది, ఆయన వచ్చేటప్పటికి ఆ ఊళ్ళో కూల్చడానికి గోడే లేదు అని ఆయన వాదన.



ఊరి వైపు మేస్త్రి లేచాడు. "ఆ గడ్డమాయప్ప ఎవురు? ఆడుండి చూసినాడా?"

ఊట వైపు మేస్త్రి కూర్చునే జవాబిచ్చాడు. "టోపీ ఆయప్ప మాత్రం చూసినాడా బావా? గోడ కట్టేవాణ్ణి నేను. కూలిన గోడ చూస్తే ఎప్పుడు కూలిందో నాకు తెలుస్తాది. ఆ బొమ్మలో గోడ శానా పాతది. దాని మీద ఎన్ని వానలు పడినాయో చూడు."

"అంటే దేవుని వాక్యం అబద్ధమంటావా?"

"వాక్యం గురించి నేనేమీ అనలే. గోడ గురించి అంటాండా."

ఆ మాటతో మొదలైంది. నేను సర్దిచెప్పబోయి ఇంకో తప్పు చేశాను. పత్రిక చివర పాఠకుల ఉత్తరాలుంటే, అందులోనైనా ఎవరో ఒకరు మధ్యస్థంగా రాసి ఉంటారని చదివాను. వాళ్ళు మనకంటే కోపిష్టులు. ఒకాయన "గడ్డం పండితుడి వ్యాసం వేసినందుకు నా చందా వెంటనే ఆపేయండి" అని రాశాడు. ఊరి వైపు మేస్త్రికి అది బాగా నచ్చింది. "అయ్యగారూ, నాది కూడా ఆపేయండి" అన్నాడు. "నీకు చందా యాడుంది నాయనా?" అంటే, ఇంటింటా చర్చికి ఇచ్చే పిడికెడు బియ్యం ఆపేస్తానన్నాడు. ఆయన ఆపితే మేమెందుకు ఇవ్వాలని ఊట వైపు వాళ్ళూ ఆపేశారు. గోడ ఎప్పుడు కూలినా సరే, అయ్యగారి వంటింట్లో మాత్రం డబ్బా ఖాళీ అయింది. పాపం, ఆయన ఆదివారం ప్రసంగంలో గోడ అన్న మాటే రాకుండా జాగ్రత్త పడేవారు. ఒకసారి పొరపాటున "నీతిమంతుని ఇంటి గోడలు" అనబోయి "ఇంటి... కిటికీలు" అన్నారు.

అరుగు మధ్యలో గీత గీసినట్టు జనం రెండుగా కూర్చోవడం మొదలైంది. టోపీ వాళ్ళు ఒక పక్క, గడ్డం వాళ్ళు ఒక పక్క. టోపీ పార్టీలో గడ్డం పెంచుకున్న పెద్దాయన ఒకడు మంగలి దగ్గరికి పరుగెత్తాడు. వియ్యంకులిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. చంటిబిడ్డకు చర్చిలో పేరు పెట్టాలంటే ఇద్దరు తాతలూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి. మేం కూర్చోం అన్నారు. బిడ్డ పేరు లేకుండానే పెరుగుతోంది. మొదట్లో "పాప" అని పిలిచేవాళ్ళు, తరువాత కోపంగా ఉన్నవాళ్ళు అలా పిలవడం కూడా మానేశారు.

సమస్య ఏమిటంటే, ఈ రెండు పార్టీలే నా సొరంగం తవ్వుతున్నాయి. టోపీ వాళ్ళు ఊరి వైపు నుంచి, గడ్డం వాళ్ళు ఊట వైపు నుంచి.

ఒక ఉదయం రెండు వైపులా కొలిచాను. మళ్ళీ కొలిచాను. రెండు సొరంగాల పొడవూ కలిపితే గుట్ట మందం కంటే ఎక్కువ వచ్చింది. కొండ కంటే దాని కన్నం పొడుగైంది! ఒకదాన్నొకటి దాటుకుని పోయి ఉండాలి. లోపల మాత్రం రెండు వైపులా రాయే.

ఊరి వైపు సొరంగంలోకి పాకి పోయి చూస్తే, కొంతదూరం తిన్నగా పోయి ఎడమకు తిరిగి ఉంది.

"ఇదేందయ్యా? సర్వేయరు గీత పట్టి మేకులు కొట్టిపోయినాడు కదా?"

మేస్త్రి నుదురు తుడుచుకున్నాడు. "గీత సరిగ్గానే ఉండాది సారూ. వాళ్ళే సరిగ్గా లేరు. గోడే లేదనే మనుషులు తిన్నగా యాడ పోతారు? తప్పకుండా ఉత్తరానికి పోయుంటారు. అందుకే వాళ్ళను పట్టుకుందామని మేమూ ఉత్తరానికి మళ్ళినాము."

గుట్ట చుట్టూ తిరిగి ఊట వైపు పోయాను. అక్కడి సొరంగం దక్షిణానికి తిరిగి ఉంది. ఆ మేస్త్రి నాకంటే ముందే మొదలుపెట్టాడు.

"మావాడు మొండోడు సారూ. వాని సంగతి నాకు తెలుసు. వాడు దక్షిణానికి పోయుంటాడు. పోనీలే బంధువు కదా అని మేమే ఆ పక్కకు మళ్ళినాము."

ఒకరినొకరు అనుమానించారు, ఒకరికోసం ఒకరు సర్దుకున్నారు, అలా సర్దుకోవడం వల్లనే తప్పిపోయారు. ఇంత మంచితనంతో చెడిన పని నా సర్వీసులో ఇంకొకటి లేదు.

సర్వేయరుకు ఫోను చేశాను. ఆయన యంత్రంతో సహా ఓర్వకల్లు దగ్గర పరిశ్రమల భూముల్లో ఇరుక్కుపోయి ఉన్నాడు, రెండు వారాల తరువాత గానీ రాలేనన్నాడు. సెల్‌ఫోన్లో మ్యాపు చూద్దామంటే గుట్ట లోపల సిగ్నలు లేదు. బయటికి వచ్చి చూస్తే నీలం చుక్క కర్ణాటకలో కనిపించింది. ఇంతలో పెద్దసారు కబురు. వచ్చే శుక్రవారం తానే స్వయంగా తనిఖీకి వస్తున్నాడు. ట్యాంకర్లు తోలడం మొదలైంది, జనం రోడ్డెక్కితే ఎవరు జవాబుదారి అని అడిగాడు. ఎవరో నాకు తెలుసు.

ఆ సాయంత్రం నా మొహం చూసి అయ్యగారు పక్కన కూర్చున్నారు. చేతిలో కొత్త పార్సిలు పత్రిక.

"సారూ, కోప్పడొద్దండి. బొమ్మ చూసి తెచ్చినా. ఇందులో కూడా ఒక సొరంగం ఉండాది."

చూశాను. యెరూషలేములో హిజ్కియా రాజు శత్రువులు ముట్టడిస్తారని భయపడి, ఊరి బయటి ఊట నీళ్ళు లోపలికి వచ్చేలా కొండ కింద తవ్వించిన సొరంగం. రెండు జట్లు, రెండు వైపుల నుంచి. సొరంగం తిన్నగా లేదు, పాములా వంకరలు తిరిగింది. అయినా మధ్యలో కలిశారు! ఎలా కలిశారు? ఆ మాట కోసం పేజీలు తిప్పాను. తిప్పి తల పట్టుకున్నాను. దాని మీద కూడా పండితులకు పడలేదు. నీళ్ళు కారే పగులు ఒకటి ఉంటే దాన్ని పట్టుకుని పోయారని ఒకాయన. కొండ పైన నిలబడి రాతిని బాదుతుంటే ఆ చప్పుడును బట్టి తవ్వారని ఇంకొకాయన.

మరునాడు ఉదయమే రెండు జట్లనూ గుట్ట మీద దర్గా నీడలో కూర్చోబెట్టాను. అది ఎవరి వైపూ కాని చోటు. పేజీ చదివి వినిపించాను. చదవడం పూర్తి కాకముందే ఊరి వైపు మేస్త్రి "పగులు పట్టుకునే పోయుంటారు" అన్నాడు. ఊట వైపు మేస్త్రి వెంటనే "చప్పుడు పట్టుకునే పోయుంటారు" అన్నాడు. వెనక ఉన్నవాళ్ళు అప్పటికే రెండుగా జరిగి కూర్చుంటున్నారు.

నాకు ఉద్యోగంలో ఎప్పుడూ రాని కోపం వచ్చింది. పత్రికను నేలకేసి కొట్టాను. "మీకు పగులు కనిపించిందా లోపల?" అని అరిచాను.

"లేదు సారూ."

"మరి?"

చంకలో బిడ్డతో నిలబడి ఉన్న ఆ పిల్ల ముందుకు వచ్చింది. ఒకరికి కూతురు, ఒకరికి కోడలు. అంతవరకు ఆమె గొంతు నేను వినలేదు.

"అయినా ఎవుర్ని అడుగుతాండావు సారూ? ఈ ఇద్దరూ నా బిడ్డకు పేరే పెట్టలేకపాయిరి, రాతికి దారి ఏం చెప్తారు? నాయనా, నువ్వు ఆ పక్క దిగు. మామా, నువ్వు ఈ పక్క దిగు. నేను పైనుంచి కొడతా. నా చప్పుడు యాడ వినపడితే ఆడికి రాండి. నా ముందరే కలుసుకోవల్ల."

బిడ్డను అయ్యగారి చేతిలో పెట్టి ఇంటికి పోయి రోకలి తెచ్చింది. దాని మొనకు ఇనుప పొన్ను. ఆమెను చూసి ఊళ్ళో ఆడవాళ్ళందరూ రోకళ్ళతో గుట్టెక్కారు.

దర్గా చూసుకునే ముజావరు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, ఏమిది గలాటా! బాబా నిద్రలో ఉండాడు!"

"నీళ్ళ కోసం సాయిబూ" అన్నాను.

"నీళ్ళకా? ముందే చెప్పొద్దా సార్? ఆయనకూ నీళ్ళు కావల్ల. మోసుకొచ్చేది నేనే కదా." చెప్పులు విడిచి, మట్టి లేని బండ ఎక్కడుందో పాదాలతో తడిమి చూపించాడు.

నేను ఊట వైపు జట్టుతో లోపలికి దిగాను. ముందు మేస్త్రి, వెనక నేను. మోకాళ్ళ కింద తడి. కంప్రెసరు ఆపించాను. ఊళ్ళో మోటార్లు, మైకు, టీవీలు అన్నీ ఆపమన్నాను. మేకల మెడల్లో గంటలు కూడా విప్పేశారట. నిశ్శబ్దంలో చెవి రాతికి ఆనించాం.

ధడ్ ధడ్ ధడ్ ధడ్. నాలుగు దిక్కుల నుంచీ. పైన ముప్పై రోకళ్ళు ఉత్సాహంగా దంచుతున్నాయి. వడ్లు పోసి ఉంటే ఊరికంతా బియ్యం అయ్యేవి. మేస్త్రి కుడికి చెవి పెడితే కుడిన, ఎడమకు పెడితే ఎడమన.

"సారూ, యెహోషువకు కూడా ఇంత గలాటా అయ్యుండదు" అన్నాడు.

ఒక్కరే కొట్టాలని బయటికి కబురు పంపాం. కాసేపటికి పైన చప్పుళ్ళు ఒక్కొక్కటే తగ్గాయి. చివరకు ఒకే రోకలి మిగిలింది. ఆగి, ఆగి, బలంగా. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. గోడ వెంబడి చెవి జరుపుతూ పోయి ఒకచోట ఆగాడు.

"మా కోడలు" అన్నాడు.

అక్కడినుంచి తవ్వకం మొదలైంది. రాయి అక్కడ పుచ్చిపోయి ఉంది, గునపానికి లొంగింది. గంటలు గడిచాయి. మనుషులు మారారు గానీ మేస్త్రి పక్కకు జరగలేదు. పైన రోకలి కూడా ఆగలేదు. మధ్యాహ్నం ఎప్పుడో ఆ చప్పుడు మధ్యలో ఇంకో చప్పుడు కలిసింది. ఎదురుగా, సన్నగా, ఇనుము రాతికి తగిలే చప్పుడు. మేము కొడితే అది ఆగేది. మేము ఆగితే అది కొట్టేది.

మేస్త్రి చాలాసేపు విన్నాడు. ఆయనకు అరవాలని ఉంది. అరిస్తే ముందుగా మాట్లాడినట్టవుతుంది. నా వైపు తిరిగి, "సారూ, మీరు అరవండి" అన్నాడు.

"నేనెందుకు అరుస్తాను? నాకు వియ్యంకుడు కాదు."

ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు. గునపం మొన కసుక్కున లోపలికి దిగిపోయింది. లాగాడు. వేలు పట్టేంత కన్నం. వెలుతురు రాలేదు గానీ గాలి వచ్చింది. చల్లటి గాలి, దుమ్ము, దాంతో పాటు బీడీ పొగ. మేస్త్రి ముక్కు ఎగబీల్చాడు. ఆయన మొహం మారిపోయింది.

"వాడే. ఆ రకం కట్ట కొనేది వాడొక్కడే" అని మెల్లగా అని, కన్నానికి నోరు పెట్టి గట్టిగా అరిచాడు, "ఏం బావా, లోపల బీడీ తాగొద్దని సారు ఎన్నిసార్లు చెప్పినాడు?"

అవతల దగ్గు. తరువాత, "సారు ఆడుండాడా?"

"నా వెనకాలే ఉండాడు."

"అయితే ఆర్పేస్తాండా లే బావా."

నెలల తరువాత వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలవి. కన్నం పెద్దదయ్యేసరికి రెండు మొహాలు ఎదురెదురుగా కనిపించాయి. రెంటికీ బూడిద పూసినట్టు దుమ్ము, ఎవరు ఎవరో తెలియడం లేదు. గునపం ముందు ఎవరిది దిగిందని అక్కడే వాదించుకున్నారు. నేను వినీ విననట్టు ఊరుకున్నాను. పైన రోకలి ఇంకా కొడుతూనే ఉంది. కలిశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముజావరు పరుగున పోయి ఆపేటప్పటికి ఆమె అరచేతులు బొబ్బలెక్కి పగిలిపోయాయి. బిడ్డ అయ్యగారి భుజం మీద నిద్రపోయింది.

శుక్రవారం పెద్దసారు వచ్చాడు. సొరంగంలోకి పాకి పోయి, ఒక వంకర తిరిగి, రెండో వంకర తిరిగి, దుమ్ముతో బయటికి వచ్చాడు.

"ఏమయ్యా, నీళ్ళ పైపుకా ఇది, ఉడుముకా? ఎందుకింత వంకర?"

ఉన్నదంతా చెప్పాను. టోపీ, గడ్డం, పిడికెడు బియ్యం, రోకలి, అన్నీ. ఆయన పంచాయతీ కుర్చీలో కూర్చుని అంతా విని, మంచినీళ్ళు తాగి, "రాతి స్వభావాన్ని బట్టి మార్గం మార్చడమైనది అని రాయి" అన్నాడు. జీపెక్కేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "ఇంతకూ గోడ సంగతి నువ్వేమంటావు?" అని అడిగాడు. నేను ఏమీ అనలేదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న తెలివి అదొక్కటే.

వంకర సొరంగంలో పైపు వేయడానికి ముక్కలు ముక్కలుగా కోసి అతికించాల్సి వచ్చింది. వేశాం. నీళ్ళు మొదట ఎర్రగా వచ్చాయి, తరువాత తేటపడ్డాయి. ఆ ఆదివారమే ఇద్దరు తాతలూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు. అయ్యగారు బిడ్డను ఎత్తుకుని పేరు పెట్టారు. పేరు తల్లే చెప్పింది, తాతలనెవరూ అడగలేదు. గోడ విషయంలో ఇద్దరిలో ఎవరూ మారలేదు. పార్సిళ్ళు మాత్రం ఆ ముసలమ్మ పోయాక ఆగిపోయాయి. నాకు ఇప్పటికీ వాటిమీద మనసు లాగుతుంది. మనుషులు లేని ఊళ్ళ గురించి అంత ప్రేమగా కొట్లాడుకునే వాళ్ళను నేను మరెక్కడా చదవలేదు.

మీలాంటి పిల్లలకు ఇందులో నీతి ఏముందని అడిగితే చెప్పలేను. గీత సరిగ్గా గీస్తే సరిపోదు, దాని రెండు చివరలా ఉన్నవాళ్ళు మాట్లాడుకుంటున్నారో లేదో చూసుకోండి. ఇంతకంటే గొప్ప మాట నా దగ్గర లేదు.

పోయిన ఎండాకాలం ఆ వైపు పనిపడితే చూసొద్దామని వెళ్ళాను. సొరంగం ముందు ఇద్దరు కుర్రవాళ్ళు మూడు కాళ్ళ స్టాండు మీద ఫోను పెట్టి వీడియో తీస్తున్నారు. ఒకడు చేయి చాచి, ఇది పూర్వం ఒక పాలెగాడు శత్రువులకు దొరక్కుండా పారిపోవడానికి తవ్వించిన రహస్య మార్గం అంటున్నాడు. వంకరలు ఎందుకున్నాయంటే, వెంటాడే సైనికులకు దారి తెలియకూడదట. చాలా బాగుంది. నాకే నమ్మాలనిపించింది.

"దీన్ని తవ్వించింది నేనప్పా" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. మర్యాద గల కుర్రాడు. "అట్లనా సార్? అయితే కెమెరా ముందుకు రాండి. ఈ వంకర ఏంటికి పెట్టినారో చెప్పండి."

నేను చొక్కా సర్దుకుని నిలబడ్డాను. "యెరికో పట్టణపు గోడ ఎప్పుడు కూలిందంటే..." అని మొదలుపెట్టాను. వాడు మెల్లగా ఫోను ఆపేసి, స్నేహితుడి వైపు చూశాడు.

ఇంతలో వెనకనుంచి ఒకావిడ చంకలో బిందెతో వచ్చింది. ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆమెకు తెలియదు. పైపు బయటికి వచ్చే చోట కట్టిన కుళాయికి ఆ స్టాండు అడ్డంగా ఉంది.

"ఎవురు తవ్విస్తే ఏముండాది లేప్పా, ఆ మూడుకాళ్ళది తీ. బిందె పెట్టుకోవల్ల."

వాడు స్టాండు తీశాడు. నేనూ పక్కకు జరిగాను.